మూరు మార్కెట్టు

సూళ్ళూరుపేటలో వేకువజామున లోకల్ రైలెక్కి చెన్నపట్టణమునకు పనిమీద పోవు తెలుగువారు నిత్యము ఎందరో కలరు. కార్యాలయములలో పనిచేయువారు, చేతిపనివారు, పెద్దాసుపత్రికి పోవు రోగులు, కళాశాల విద్యార్థులు, ఇట్లు అన్ని తరగతులవారును ఆ బండిలో కనబడుదురు. గుమ్మిడిపూండి, పొన్నేరి, ఎన్నూరు దాటి బండి పట్టణము చొచ్చి, తుదకొక పెద్ద నిలయమున ఆగును. కాలపట్టికలలో ఆ నిలయమునకు మూరు మార్కెట్టు కాంప్లెక్సు అని పేరు. దిగినవారికి ప్లాట్‌ఫారములు కనబడును. టిక్కెట్లిచ్చు గదులు కనబడును. కాఫీ కొట్లు కనబడును. మార్కెట్టు మాత్రము కానరాదు. "నాయనా, ఇచ్చట మార్కెట్టేది?" అని కొత్తగా వచ్చిన పిల్లవాడెవడైన అడిగినచో, ఆ తండ్రియు నలువైపుల చూచి ఊరకుండవలసినదే. అతడు పుట్టునప్పటికే ఆ మార్కెట్టు లేదు.

పేరు గొప్ప, ఊరు దిబ్బ యని సామెత. ఇచ్చట దిబ్బ కూడ మిగులలేదు. కాని 1900 మొదలు 1985 వరకు, ఎనుబదియైదేండ్లపాటు, ఆ తావున నొక గొప్ప అంగడి భవనము నిలిచియుండెను. చెన్నపురిలో చదువుకొన్నవారిలో దానిని ఎరుగనివారు అరుదు. బీదవిద్యార్థులకు అది యొక అంగడి మాత్రమే కాదు.

దాని కథ దానికంటె ముందున్న మరియొక అంగడితో మొదలగును. చెన్నపట్టణపు నేల 1639లో ఆంగ్లవర్తకులకు లభించెను. ఇచ్చినవారు దామర్ల నాయకులు. వారి తండ్రి చెన్నప్ప నాయకుని పేరిటనే ఊరికి చెన్నపట్టణ మను పేరు వచ్చెనని చెప్పుదురు. 1688లో అచ్చట నగరపాలక సంఘ మేర్పడెను. భారతదేశమున ఇట్టి సంఘములలో అదియే మొదటిది. అటుపిమ్మట ఒక శతాబ్దమునకు, 1778లో, స్టీఫెను పోఫము అను న్యాయవాది సీమనుండి వచ్చి అచ్చట కాపురముండెను. ఆయన ఊరకుండు మనిషి కాడు. మురుగుకాలువ పారుచుండిన పల్లపునేలను పూడ్పించి, బ్రాడ్వే అను విశాలమైన వీథిని తీర్చినవాడాయనయే. ఆ వీథికిప్పుడు ప్రకాశంసాలై యని పేరు. అది మన టంగుటూరి ప్రకాశంపంతులుగారి పేరు. 1928లో సైమను సంఘము వచ్చినపుడు పంతులుగారు తుపాకికి రొమ్ము చూపినది ఆ ప్రాంతముననే.

పోఫముగారు వీథితో తృప్తిపడక అచ్చట నొక అంగడిని గూడ నెలకొల్పిరి. మంచి యుద్దేశముతో పెట్టినదే. కాని నూరేండ్లు గడచునప్పటికి ఊరు పెరిగెను, అంగడి పెరుగలేదు. 1901వ సంవత్సరపు జనగణనలో చెన్నపట్టణ జనసంఖ్య అయిదులక్షలు దాటెను. అంతమందికి కూర, మాంసము, చేపలు సమకూర్చు తావు ఇరుకుసందులలో నున్నచో ఎట్లుండునో ఊహింపవచ్చును. మాంసము కడిగిన నీరు, కుళ్ళిన కూరలు, ఈగలు, వానపడినచో మోకాలిలోతు బురద. 1896లో బొంబాయిలో ప్లేగు వ్యాధి పుట్టి జనులను హరింపసాగినది మొదలు ఈ దేశపు పెద్దనగరము లన్నింటికిని శుచిని గూర్చి దిగులు పట్టుకొనెను. కొత్త అంగడి కట్టవలెనను తలంపు ఇట్టి కాలమున చెన్నపట్టణమున పండెను.

అప్పుడు నగరపాలక సంఘమునకు అధ్యక్షుడు సర్ జార్జి మూరు. ఆయన 1898 ఆగస్టులో శంకుస్థాపన చేసెను. భవనమునకు రూపకల్పన చేసినవాడు ఆర్. ఇ. ఎల్లిసు అను శిల్పి. కట్టినవారు ఎ. సుబ్రహ్మణ్యయ్యరు అను గుత్తదారు. రెండేండ్లలో పని ముగిసి, 1900లో తలుపులు తెరచిరి. అధ్యక్షుని పేరే భవనమునకు పెట్టిరి. ఆ దొరగారి యితర కార్యములను జనులు మరచిరి గాని, ఆయన పేరును మాత్రము కూరగాయలు కొనువారు సైతము ఎనుబదియైదేండ్లు పలికిరి. ఎంతటి గవర్నరులకును ఈ భాగ్యము పట్టలేదు.

స్థలము నెన్నుకొన్నవారిని మెచ్చుకొనవలెను. 1859లో గవర్నరుగా వచ్చిన సర్ చార్లెసు ట్రెవెలియను కాలమున ప్రజలు గాలి పీల్చుకొనుటకై పీపుల్సు పార్కు అను ఉద్యానము వెలసెను. అందు చెట్లు, కొలనులు, బాటలు, కొంతకాలమునకు జంతుప్రదర్శనశాలయు నేర్పడినవి. ఆ ఉద్యానపు అంచుననే మూరు మార్కెట్టును కట్టిరి. ప్రక్కన 1873 నాటి సెంట్రలు స్టేషను. మరియొక ప్రక్క 1887లో పూర్తియైన విక్టోరియా పబ్లికు హాలు. దానికి 1883లో శంకుస్థాపన చేసినవారు మన విజయనగర మహారాజులుంగారు. అటుపిమ్మట 1913లో నగరపాలక సంఘమువారి తెల్లని రిప్పను భవనము లేచెను. రైలు దిగినవాడు నాలుగడుగులు వేసినచో నాటకశాల, అంగడి, తోట, పులిబోను, నగరపాలకుల కొలువుకూటము, అన్నియు ఒక్కచోటనే కనబడెడివి. పల్లెనుండి వచ్చినవానికి పట్టణమన ఇదియే యనిపించుటలో ఆశ్చర్యమేమి?

భవనము ఎర్రని ఇటుక కట్టడము. హిందూ, మహమ్మదీయ, పాశ్చాత్య శిల్పరీతులను కలిపి ఆనాటి ఆంగ్లశిల్పులు ఈ దేశమున నొక కొత్తరీతిని కల్పించిరి. 1892లో కట్టిన చెన్నపట్టణపు హైకోర్టు ఆ రీతికి పేరెన్నిక గన్నది. మూరు మార్కెట్టు ఆ కుటుంబములోని చిన్నబిడ్డ. నడుమ చతురస్రమైన ముంగిలి. దానిచుట్టు వరుసగా అంగళ్ళు. అంగళ్ళముందు కమానులతో కూడిన వసారాలు. ప్రవేశద్వారముల మీద గోపురములవంటి శిఖరములు. ఎండవేళ వసారాలో నడచినవానికి నెత్తి మాడదు. వానలో నడచినవానికి బట్ట తడియదు. ముంగిలినుండి గాలియు వెలుతురును అన్ని వైపులకు పోవును. ఇంతకంటె గొప్పలేవియు ఆ భవనమునకు లేవు. హైకోర్టువలె అది చూచువారిని భయపెట్టదు. కొనువానిని లోనికి రమ్మనును, కొననివానిని గూడ వద్దనదు. అంగడికి అట్టి ముఖమే తగును.

కట్టినవారి యుద్దేశము కూర, పండు, మాంసము శుచిగా నమ్మవలెనని. ఆ యుద్దేశము నెరవేరెను. కాని అంగడి యనునది కట్టినవారి మాట వినదు. కొలది యేండ్లలోనే వసారాలలోనికి, ముంగిలిలోనికి, ప్రహరిగోడల వెంబడి వేరువేరు సరకులు వచ్చి చేరినవి. చిలుకలు, పావురములు, కుందేళ్ళు, కుక్కపిల్లలు, గాజుపెట్టెలలో రంగురంగుల చేపలు. పాత గడియారములు, పాత కుర్చీలు, ఇత్తడి దీపములు, పింగాణి పళ్ళెములు. తాళము పోయిన తాళపుచెవులు, చెవి పోయిన తాళములు. కీలు విరిగిన పెట్టెలు, మూగబోయిన గ్రామఫోనులు, వానికి పాడు పళ్ళెములు. "మూరు మార్కెట్టులో తల్లిదండ్రులు తప్ప తక్కినవన్నియు దొరకును" అని పట్టణపువారు హాస్యమాడుకొనెడివారు. ఒక సంగతి దాచరాదు. అట్టి చోట దొంగసొత్తును చెలామణి యగును. పోయిన గొడుగును వెదకుకొనుచు వచ్చి, దానినే బేరమాడి కొనుక్కొని పోయినవాని కథ పట్టణమున ఏ తరమున కా తరము కొత్తగా పుట్టుచుండెడిది.

అయినను మూరు మార్కెట్టు పేరును దూరదేశములకు మోసినవి చిలుకలు కావు, పాత పుస్తకములు.

అచ్చటి పాత పుస్తకముల అంగళ్ళు చూచుటకు అంగళ్ళవలె నుండవు. నేలనుండి కప్పువరకు పుస్తకముల గోడలు. ఆ గోడల నడుమ నొక మనిషి కూర్చుండు ఖాళి. కొన్నియెడల ఆ ఖాళియు లేదు. వర్తకుడు బయట ముక్కాలిపీటమీద కూర్చుండెడివాడు. బ్రతికిన న్యాయవాది అమ్ముకొన్న చట్టముల సంపుటములు, చనిపోయిన వైద్యుని భార్య బరువునకు తూచి అమ్మిన శరీరశాస్త్రములు, ఉద్యోగము మారిన దొర వదలిపోయిన కథలు, పరీక్ష తప్పినవాని గణితము, పరీక్ష నెగ్గినవాని గణితము, అన్నియు ఒకే కుప్పలో పడియుండెడివి. నెగ్గినవానిదా తప్పినవానిదా యని పుస్తకము చూచినంత మాత్రమున చెప్పజాలము. ఇద్దరును ఒకే లెక్కవద్ద గీత గీసియుందురు.

బడులు తెరచు దినములలో ఆ అంగళ్ళు తిరునాళ్ళవలె నుండెడివి. పైతరగతికి పోయినవాడు తన పుస్తకములు తెచ్చి అమ్మును. ఆ రూపాయలతోనే పైతరగతి పుస్తకములు కొనును. అతడమ్మినవానిని మరునిమిషమున మరియొకడు కొనును. కొత్త పుస్తకము వెలలో సగమునకో మూడవవంతునకో చదువు సాగిపోవును. ఒకే పుస్తకముమీద అయిదారుగురి పేర్లు, ఒకదానిక్రింద నొకటి, వేరువేరు సిరాలతో వ్రాసియుండుట కలదు. పై పేరును కొట్టివేసి తన పేరు వ్రాసికొన్నవాడు, తన పేరును కొట్టివేయువాడు రాబోవు ఏడు వచ్చునని తెలిసియే వ్రాసెడివాడు.

తెలుగునాటి విద్యార్థులకు ఆ అంగళ్ళతో నున్న బంధము సామాన్యము కాదు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయ మేర్పడువరకు కోస్తా, రాయలసీమ జిల్లాలవారు పట్టము పొందవలెనన్న చెన్నపురి విశ్వవిద్యాలయమువారి పరీక్షలకే కూర్చుండవలెను. న్యాయము, వైద్యము, ఇంజనీరింగు చదువగోరువారు చాలమంది రాజధానికే వచ్చెడివారు. ఇంటినుండి వచ్చు మనియార్డరు పూటకూళ్ళ యింటికిని గదియద్దెకును సరిపోవును. పుస్తకములకు మిగులు నది స్వల్పము. అట్టివాడు ఆదివారము మధ్యాహ్నము భోజనము చేసి, కాలినడకను మూరు మార్కెట్టునకు పోవును. పోయినవాడు కొనకపోయినను, నిలుచుండి చదువవచ్చును. ఒక గంటవరకు వర్తకుడేమియు ననడు. గంట దాటినచో, "తంబీ, కొనెదవా, లేక ఇచ్చటనే ముగించెదవా?" అని అడుగును.

బేరమాడుట అచ్చట నొక విద్య. వర్తకునికి ఆంగ్లము చదువరాకపోవచ్చును. కాని అట్ట రంగునుబట్టి, కట్టు తీరునుబట్టి, అది ఏ తరగతివారికి పఠనీయగ్రంథమో, ఈ యేడు దానికి గిరాకి యెంతయో అతడు తెలిసినవాడు. పుస్తకము వెల పుస్తకముమీద నుండదు, కొనువాని కన్నులలో నుండును. కనుక తెలిసినవారు తమకు కావలసినదానిని ముట్టరు. దానిప్రక్క నున్నదానిని తీసి త్రిప్పి, పెదవి విరచి, అటుపిమ్మట, "పోనిమ్ము, ఇది యెంత?" అని అసలుదానిని నిర్లక్ష్యముగ చూపుదురు.

"మూడు రూపాయలు."

"అట్ట ఊడినదే!"

"నీవు చదువునది అట్టనా, పుస్తకమునా?"

"రూపాయి."

"సీమ అచ్చు, తంబీ. కాగితము చూడుము. రెండున్నర."

విద్యార్థి పుస్తకము క్రిందపెట్టి నడచిపోవును. పది యడుగులు దాటువరకు పిలుపు రాకున్న గుండె జారును. తిరిగి పోయినచో బేరము చెడును. పదునొకండవ యడుగున పిలుపు వచ్చును. రూపాయి పావలాకు తెగును. ఇంటికిపోయి చూచుకొనగా నడుమ పదునాఱు పుటలు లేవని తేలుటయు కలదు. ఒకసారి మోసపోయినవాడు మరల మోసపోడు. ఎంత యెండలోనైనను నిలుచుండి మొదటిపుటనుండి తుదిపుటవరకు అంకెలు లెక్కించిన పిమ్మటనే అణాలు చేతబెట్టును.

ఆ కుప్పలలో తెలుగు అట్టలును అడపాదడపా కంటబడెడివి. అది వింత కాదు. వావిళ్ళవారి ముద్రాక్షరశాల 1854లో చెన్నపురిలోనే పుట్టెను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1914లో ఆంధ్రపత్రికను దినపత్రికగా అచ్చటనే వెలువరింప మొదలిడిరి. 1924లో భారతి మాసపత్రికను అచ్చటనే ప్రారంభించిరి. తెలుగు పుస్తకములు పుట్టిన యూరు అది. పుట్టినయూరిలో ముసలితనము గడపుట సహజమే. ఆంగ్ల చట్టముల నడుమ ఒక శతకమో, ఒక వ్యాకరణమో కనబడినపుడు, పరాయియూరిలో బంధువు ఎదురైనట్లు తెలుగువాని మనస్సు పొంగెడిది. అట్టిదానిని బేరమాడుట కష్టము. కన్నులు దాచినను ముఖము దాగదు.

1942 ఏప్రిలులో ఆ తావు పాడువడినట్లయ్యెను. ఆ నెల 6వ తేదిని జపానువారి విమానములు విశాఖపట్టణముమీదను కాకినాడమీదను బాంబులు వేసెను. తరువాతి వంతు చెన్నపట్టణమునదే యని ప్రభుత్వము తలచెను. కార్యాలయములు లోతట్టు ఊళ్ళకు తరలిపోయినవి. జనులు దొరికిన బండి నెక్కి పోయిరి. బాంబు పడి బోనులు బ్రద్దలైనచో క్రూరమృగములు వీథులలో పడునని భయపడి, అంగడిప్రక్కనున్న జంతుశాలలోని సింహములను, పులులను, చిరుతలను, ఎలుగుబంట్లను పోలీసులచే కాల్పించిరి. ఆదివారము పుస్తకములకు వచ్చినవారు ఏ గర్జనలు వినుచు బేరములాడిరో ఆ గర్జనలు ఒక్కదినమున ఆగిపోయినవి. భయపడినంతటి దాడి ఏదియు ఆ నెలలో రాలేదు. ఆ మృగముల చావు అనవసరమని తరువాతివారు సులభముగా చెప్పవచ్చును. ఆనాటివారికి ఆ సంగతి తెలియదు.

1947లో దేశము స్వతంత్రమయ్యెను. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడగా ప్రకాశంపంతులుగారు దానికి మొదటి ముఖ్యమంత్రియైరి. చెన్నపట్టణము తెలుగువారికి రాజధాని కాకుండెను. 1957లో అణాలు పోయి కొత్తపైసలు వచ్చినవి. మూరు మార్కెట్టున బేరము మాత్రము పూర్వమువలెనే సాగెను.

దానికి చిక్కు పొరుగునుండి వచ్చెను. సెంట్రలు స్టేషను పెరుగుచుండెను. దూరప్రయాణపు బండ్లు హెచ్చినవి. ప్రతిదినము పనులకు వచ్చి పోవువారి బండ్లు అంతకంటె హెచ్చినవి. వానికి వేరుగా నొక నిలయము కావలెను. ఒక ప్రక్క త్రోవ, ఒక ప్రక్క ఇండ్లు. ఖాళియగు అవకాశమున్నది మార్కెట్టు వైపుననే. ఆ స్థలమును రైలుశాఖకు ఇచ్చి, వర్తకులకు మరియొకచోట వసతి చూపవలెనను ఏర్పాటు పుట్టెను. వర్తకులు కదలమనిరి. వారి మాటయు కొట్టివేయదగినది కాదు. అంగడికి చోటే ప్రాణము. స్టేషను దిగినవాని కాలు తనంత తాను పోవు చోటునుండి నూరు బారలు వెనుకకు జరిగినను, ఆ కాలు అంతదూరము రాదు. దినమునకు లక్షలమంది ప్రయాణములు సులభమగుట ముఖ్యమా, కొన్ని వందల కుటుంబముల జీవనము ముఖ్యమా? ఇరువురికిని న్యాయమున్న తగవు అన్నింటికంటె కష్టమైన తగవు.

ఇందు మూడవ పక్షము గూడ నుండెను. అది భవనము. దాని తరఫున మాటాడ దగిన చట్టము మాత్రము లేకుండెను. 1958 నాటి కేంద్రశాసనము ప్రాచీన కట్టడములను రక్షించును గాని, అందుకు నూరేండ్ల వయస్సు తక్కువ కారాదు. మూరు మార్కెట్టునకు పదునైదేండ్లు తక్కువయ్యెను. తమిళనాడులో వారసత్వ సంపద రక్షణకై ప్రత్యేకసంఘము నేర్పరచు శాసనము 2012లో గాని రాలేదు. ఎనుబదియైదేండ్ల ముదుసలికి ముసలివారి పట్టికలోను చోటు లేదు, పడుచువారి పట్టికలోను చోటు లేదు.

తగవు తెగకమునుపే, 1985 మే 30న, మూరు మార్కెట్టు తగులబడెను.

ఎండకాలము. ఎనుబదియైదేండ్లుగా ఆరిన కట్టె, దశాబ్దములుగా పేర్చిన కాగితము. అగ్నికి అంతకంటె ఏమి కావలెను? పుస్తకములు తాటాకులవలె గుప్పున మండవు. లోలోపల రాజుకొని ఆరిపోక కాలుచుండును. ఒక్కొక్క వర్తకుని తండ్రితాతల నాటి సరకు బూడిదయయ్యెను. వారిలో చాలమందికి లెక్కపుస్తకములు కూడ అంగడిలోనే యుండెడివి; ఏమి పోయినదో చెప్పుకొనుటకు కాగితము మిగులలేదు. నిప్పు ఎట్లు పుట్టెనను విషయమున పట్టణమున నోటికొక మాట పుట్టెను. తగవులోనున్న ఇల్లు కాలినచో అట్టి మాటలు పుట్టక మానవు. వానిని ఇచ్చట తిరిగి వ్రాయుట న్యాయము కాదు.

అదే 1985వ సంవత్సరమున పీపుల్సు పార్కులోని జంతుశాలను పట్టణము వెలుపల వండలూరునకు మార్చిరి. అచ్చటి మృగములకు అడవివంటి విశాలమైన నేల దొరకెను. ఈ మార్పునకు విచారింప నక్కరలేదు. ఇరుకుబోనులలో తిరిగి తిరిగి ఒకే గీత తొక్కిన పులికి అది మేలే. కాని చెన్నపురి బాలునకు ఒక్క యేడాదిలోనే పులియు పోయెను, పుస్తకములును పోయెను.

కాలి మిగిలిన భవనమును బాగుచేయు తలపెట్టలేదు. గోడలను పడగొట్టి నేల చదును చేసిరి. అచ్చట రైలుశాఖవారి ఎత్తైన భవనమును, లోకల్ రైళ్ళ నిలయమును వెలసినవి. వర్తకులకు సమీపముననే, పూర్వము పీపుల్సు పార్కులో కలువలు పూచిన కొలను ఉండిన చోట, నగరపాలక సంఘమువారు కొత్త అంగళ్ళు కట్టించిరి. దానికి తమిళమున అల్లికుళమని పేరు, కలువకొలనని యర్థము. కొలను పోయినందున అంగడి వచ్చినది. అంగడి పోయినందున రైలు వచ్చినది. పట్టణములలో నొకటి చోటు విడిచిననే గాని మరియొకటి నిలువదు.

పుస్తకముల వర్తకులలో కొందరు ఆ కొత్తచోటికి పోయిరి. వారితో పాత బేరములును పోయినవి. పాత జనము మాత్రము పూర్తిగా పోలేదు. స్టేషను దిగి ఊరక తిరుగువాడు అటు పోడు. వెదకికొని వచ్చువాడే పోవును. మూరు మార్కెట్టు మహిమ యంతయు ఊరక తిరుగువానియందే యుండెను. గొడుగు కొనవచ్చినవాడు నిఘంటువు కొనిపోవుట, పావురము కొనవచ్చినవాడు కాళిదాసును కొనిపోవుట ఒక్కకప్పుక్రింద అన్నియు నున్నప్పుడే సాధ్యము. ఇటుకలను మరల పేర్చవచ్చును. అంగళ్ళను మరల కట్టవచ్చును. ఆ కలగాపులగమును ఏ గుత్తదారుడును కట్టలేడు.

లోకల్ రైళ్ళ నిలయపు ఆవరణలో ఆ పాత భవనపు నమూనాను చిన్నదిగా చేయించి నిలిపిరి. ఎర్రని గోడలు, కమానులు, శిఖరములు అన్నియు అందు చూపిరి. ఏనాడు ఎవడు ఏ వసారాలో ఏ పుస్తకమునకై నిలుచుండెనో చూపుటకు నమూనాకు శక్తి లేదు. నిలయమునకు మాత్రము పాత పేరే యుంచిరి. పొడవైన పేరు పలుకుటకు తీరిక లేని ప్రయాణికులు దానిని ఎం.ఎం.సి. యని మూడక్షరములు చేసికొనిరి. ఆ మూడక్షరములలో మొదటిది ఒక దొర పేరనియు, రెండవది ఒక అంగడి యనియు విప్పిచెప్పగలవారు ఆ బండిలో ఎందరుందురో! సాయంకాలము సూళ్ళూరుపేటకు మరలిపోవు బండి అచ్చటినుండియే బయలుదేరును.